కళ్ళద్దాలు తీసి వినే మనిషి

మేడమ్ పోయిందని నాకు వాట్సాప్‌లో తెలిసింది. పెనుకొండలో ఆమె దగ్గర నర్సు ట్రైనింగు చేసిన మా బ్యాచ్ వాళ్ళకొక గ్రూపు ఉంది. పుట్టినరోజు కేకులు, గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప అందులో ఏమీ రావు. ఆ రోజు పొద్దున మేడమ్ ఫోటో, చుట్టూ దీపాలు, కింద పెద్ద అక్షరాలతో ‘వినే చెవి మూగబోయింది’ అని వచ్చింది. చెవి ఎట్లా మూగబోతుందో రాసినవాళ్ళకే తెలియాలి. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

ఆ సమయానికి నేను హిందూపురంలో, నేను పనిచేసే ఆసుపత్రి మీటింగు హాల్లో కూర్చొని ఉన్నాను. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన మాకు ‘యాక్టివ్ లిజనింగ్’ నేర్పిస్తున్నాడు. రోగి మాట్లాడేటప్పుడు ఎంత ముందుకు వంగాలి, ఎక్కడెక్కడ తల ఊపాలి, రోగి చెప్పిన మాటనే మెత్తగా రోగికి ఎట్లా తిరిగి అప్పజెప్పాలి, ఇవన్నీ తెర మీద బొమ్మలతో చూపిస్తున్నాడు. పిల్ల నర్సులు శ్రద్ధగా ఫోన్లలో ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. ఈ విద్యలో ఆయన గురువుకు గురువును నేను పదేళ్ళకు పైగా చూశాను. ఆమె ఆ పొద్దునే చచ్చిపోయింది.

చచ్చిపోయింది అనే రాస్తాను. పరమపదించింది, తిరిగిరాని లోకాలకు వెళ్ళింది అని రాసేవాళ్ళు గ్రూపులో చాలామంది ఉన్నారు.

మనిషి పొట్టి, బొద్దు. తెల్ల చీరకు గంజి పెట్టి, ఇస్త్రీ మడత నలగకుండా నడిచేది. వార్డులో ఎవరైనా ‘మేడమ్’ అంటే చాలు, చేతిలో ఉన్నది పక్కన పెట్టేసేది. ఒక ఇనుప స్టూలు ఉండేది, దాన్ని కాలితో మంచం దగ్గరికి లాక్కునేది. కూర్చునేది. తర్వాత కళ్ళద్దాలు తీసి జేబు రుమాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకునేది. అప్పుడు మొదలయ్యేది వినడం. అద్దాలెందుకు తీస్తారు మేడమ్ అని ఒకసారి అడిగితే, ‘ఎదుటి మనిషికీ నాకూ మధ్యన అద్దం అడ్డమెందుకు పాపా’ అనింది. మాకు ఒళ్ళు జలదరించింది. ఎంత గొప్ప మాట అనుకున్నాము. అద్దాలు లేకపోతే ఆమెకు మంచం అవతలి పక్క ఏముందో కూడా ఆనదని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

మెడ కుడి పక్కకు కొద్దిగా వంచేది. రెప్ప వేయడం కూడా తగ్గించేది. ‘ఊ’ అనేది. ఆ ఊలలో రకాలుండేవి. దుఃఖానికొకటి, భయానికొకటి, కోడలి మీద చాడీలకొకటి. హాస్టల్లో మేము వాటిని పోటీలు పెట్టుకొని అనుకరించేవాళ్ళం. ఒకరు మంచం మీద పడుకొని ‘అయ్యో నా కడుపో’ అనాలి, ఇంకొకరు లేని కళ్ళద్దాలు తీసి ‘ఊ’ అనాలి. నవ్వి నవ్వి కడుపు నిజంగానే నొప్పి పుట్టేది.

ఆమె క్లాసులోనూ అట్లాంటి నాటకమే ఆడించేది, కాకపోతే అక్కడ నవ్వకూడదు. ఒకరోజు నేను నర్సును, నా పక్క పిల్ల రోగి. ఆ పిల్ల కడుపు పట్టుకొని ‘నొప్పి సిస్టర్’ అనింది. నేను నా అలవాటు కొద్దీ ‘యాడ? ఎప్పటి నుంచి? ఏదీ, చెయ్యి పెట్టి చూపించు’ అన్నాను.

మేడమ్ బల్ల మీద తట్టింది. ‘ఏమ్మే, పోలీసు స్టేషన్లో ఉద్యోగమా నీది? ఆ ప్రశ్నలేమి? ముందు ఆ మనిషి బాధను ఇను. ముఖంలోకి చూడు. రోగి మాట్లాడేటప్పుడు నీ చూపు ముఖం మీద నుంచి కదలగూడదు. కడుపు యాడికీ పోదులే.’

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు నోటి దురుసు అని పేరు, ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

అబద్ధం చెప్పను. ఆ వినడంతో ఆమె నిజంగా మనుషులను నిలబెట్టింది కూడా. మడకశిర పక్క నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు ఒకసారి. షుగరు ముదిరి కాలి పుండు నల్లబడింది. వార్డులో ఉండాలంటే ఉండనంటాడు. డాక్టరు అరిచాడు, కొడుకు బతిమాలాడు. ఆయన చెప్పుల కోసం మంచం కింద వెతుకుతూనే ఉన్నాడు. మేడమ్ స్టూలు లాక్కొని కూర్చుంది. ఆయన సగం తెలుగు, సగం కన్నడంలో గొర్రెల గురించి మొదలుపెట్టాడు. ఏది ఈనడానికి ఉంది, ఏది కుంటుతోంది, ఏది తల్లిని పోగొట్టుకొని ఆయన వెంటే తిరుగుతోంది. ఒక్కొక్క గొర్రె కథా చెప్పాడు. ఈమె అన్నీ విన్నది. చివరికి ఆయన కళ్ళు తుడుచుకొని, ‘నా మాట ఇంతసేపు మా ఇంట్లోనే ఎవురూ ఇనల్యా తాయీ. నువ్వు ఉండమంటే ఉంటా’ అన్నాడు. ఉన్నాడు. కాలు దక్కింది. ఆ తర్వాత ఏడాది ఒక ఉన్ని కంబళి తెచ్చి ఆమెకిచ్చి పోయాడు.

కాబట్టి ఆమె దొంగ అని నేననను. దొంగ అయితే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. మాది ధర్మవరం. నాయన చిన్నప్పుడే పోయాడు. మాకు సొంత మగ్గం లేదు. అమ్మ పడుగులు అతికేది. పట్టుచీర నేసే మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చే ముందు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే బొటనవేలితో, చూపుడువేలితో మెలిపెట్టి కలపాలి. వేల పోగులు, వెంట్రుక కంటే సన్నం. ఒక్కటి తప్పితే చీరలో గీత పడుతుంది. మా అమ్మ కళ్ళు మూసుకొని కూడా అతికేది. మా వీధిలో ఏ మగ్గం మీద పడుగు అయిపోయినా ‘ఆయమ్మను పిల్చుకరాపో’ అనేవారు. అన్నం తిన్నా, నేను నర్సు చదువు చదివినా, తమ్ముడు ఆటో కొన్నా ఆ రెండు వేళ్ళ చలవే. ఆ వేళ్ళను అమ్మ ఎంత జాగ్రత్తగా చూసుకునేదంటే, వేడి గిన్నె ఎప్పుడూ ఎడమ చేత్తోనే దించేది.

నాకు పెనుకొండ ఆసుపత్రిలోనే ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ధర్మవరంలో ఆసుపత్రులు లేక కాదు. ‘మన పిల్ల ఉండే చోటికి పోదాం, ఆడ మేడమ్ కూడా చానా మంచిదంట’ అని తమ్ముణ్ణి తొందరపెట్టి రైలెక్కింది. మేడమ్ గురించి అంత మంచిగా చెప్పింది నేనే. కుడి చేతికి సూది పెట్టి డ్రిప్పు ఎక్కించారు. డ్రిప్పులో మందు కలిపారు. ఆ మందు నరంలోకి పోతే ప్రాణం నిలబెడుతుంది, నరం తప్పి తోలు కిందికి దిగితే కండను కాల్చేస్తుంది. ఇది ప్రతి నర్సుకూ తెలిసిన సంగతే. అందుకే రోగి ‘మంట’ అన్నాడంటే చేతిలో ఏ పని ఉన్నా వదిలి సూది దగ్గర చూడాలి.

ఆ పూట నేను కాన్పుల వార్డులో డ్యూటీ. అమ్మ మంచం దగ్గరికి మేడమ్ తనంతట తానే వచ్చిందట. తన స్టూడెంటు తల్లి కదా. స్టూలు లాక్కుంది. ఎడమ పక్క కూర్చుంది. అద్దాలు తీసింది. అమ్మ ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కుడి చెయ్యి దుప్పటి కింద ఉంది, చలిగా ఉందని అమ్మే కప్పుకుంది.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మేడమ్ వెళ్ళిపోయింది. అమ్మ ముఖం తేటగా ఉంది, ఏడ్చి తెరిపిన పడిన ముఖం. ‘చెయ్యి మండుతాంది పాపా, రవ్వంత చూడు’ అనింది. దుప్పటి ఎత్తాను. మోచేతి దాకా ఉబ్బింది. మణికట్టు పైన తోలు పాలిపోయి నీటి బుగ్గలు లేచాయి. డ్రిప్పు ఇంకా పడుతూనే ఉంది. నేను ఆపాను, సూది పీకాను, డాక్టరు కోసం అరిచాను. అన్నీ చేశాను, కాలిపోయిన తర్వాత.

‘ఎవరికీ చెప్పలేదా మా?’ అన్నాను.

‘చెప్పినా కదా. మేడమ్‌కు చెప్పినా. ఎంత బాగా ఇనింది ఆయమ్మ! మీ నాయన పోయిన కాణ్ణుంచి నా కత అంతా ఇనింది.’

‘మంట తగ్గకపోతే మళ్ళీ చెప్పకూడదా?’

‘అంత పెద్దామె పనంతా ఇడిచిపెట్టి నా ఏడుపు ఇంటాంటే, మళ్ళా చెయ్యి చెయ్యి అంటే ఏం బాగుంటాది పాపా? మర్యాదా?’

మా వాళ్ళ బుద్ధి ఇంతే. ఎవరైనా పెద్దమనిషి పక్కన కూర్చొని ప్రేమగా పలకరిస్తే చాలు, ప్రాణం పోతున్నా మొహమాటపడతారు. తిట్టే నర్సయి ఉంటే అమ్మ కేక పెట్టి ఉండేది.

పక్క మంచం అవ్వ అంతా చూసింది. ఆమెకు మర్యాదల పట్టింపు లేదు. ‘మీ యమ్మ మండుతాందనింది. ఆయమ్మ “మంటగా ఉండాదామ్మా, చానా కష్టంగా ఉండాది కదా” అనింది. మీ యమ్మ ఊ అని ఏడ్చబట్టె. అంతే. సూది దిక్కు సూడనే సూడల్యా’ అని చెప్పింది.

మంట అనే మాట ఆమె చెవిలో పడింది. చేతికి సంబంధించిన వార్తగా ఆ మాటను ఆమె తీసుకోలేదు. మనసుకు సంబంధించిన బాధగా తీసుకొని ఓదార్చింది. చెయ్యి కాలుతుంటే ఎంత ఓదారిస్తే మాత్రం ఏం లాభం?

చచ్చిన తోలు కోసేశారు. తొడ మీది తోలు తెచ్చి అతికారు. పుండు మానింది. వేళ్ళు లోపలికి వంగి బిగుసుకుపోయాయి. బొటనవేలు చూపుడువేలిని ముట్టదు. ముట్టబోయి మధ్యలో ఆగిపోతుంది. ఎన్ని వ్యాయామాలు చేయించినా అంతే. మొదట్లో మగ్గాల వాళ్ళు ‘బాగైనాక రామ్మా’ అన్నారు. తర్వాత పిలవడం మానేశారు. వాళ్ళను తప్పు పట్టను.

నేను పెద్ద డాక్టరు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన మొదట నా వైపు జాలిగా చూసి, తర్వాత నవ్వాడు. ‘ఎవరి మీద చెప్తున్నావో తెలుసా? పేషెంటు మాట ఆమె పట్టించుకోలేదంటే ఈ ఊళ్ళో ఎవరైనా నమ్ముతారా?’ అన్నాడు. నమ్మరు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

మర్నాడు మేడమ్ నన్ను డ్యూటీ గదిలోకి పిలిచింది. ఎదురుగా కూర్చోబెట్టింది. అద్దాలు తీసింది.

‘చెప్పు. మనసులో ఉండేదంతా చెప్పు. నా మీద కోపంగా ఉండాది కదా?’

‘నా కోపం సంగతి వదిలేయండి మేడమ్. అమ్మ మండుతాందని చెప్తే దుప్పటి ఎందుకు ఎత్తి చూడలేదు? అది చెప్పండి.’

‘నీకు చానా బాధగా ఉండాది.’

‘ఉంది. దుప్పటి ఎందుకు ఎత్తలేదు?’

‘ఊ.’

‘ఊ కాదు మేడమ్. జవాబు.’

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెడ కొద్దిగా వంగింది. ‘మీ అమ్మంటే నీకు ప్రాణం. నాకు అర్థమైతాంది’ అనింది. నేను లేచి వచ్చేశాను. ఎదుటి మనిషి చెప్పేది తనకు తగలకుండా వినడం కూడా ఒక విద్యే. అందులో ఆమెకు ఎవరూ సాటి రారు. కొన్నాళ్ళకు నేను హిందూపురానికి ఉద్యోగం మార్చుకున్నాను.

ఆమె మాత్రం మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. చుట్టాల పెళ్ళిళ్ళకు పట్టుచీరలు కొనాలని ధర్మవరం వచ్చేది, వచ్చినప్పుడల్లా మా వీధిలోకి ఆటో తిప్పించేది. ఆపిల్ పళ్ళు, బ్రెడ్డు. మా అమ్మ చాప వేసేది. వంగిన కుడి చేత్తో డబ్బాను కడుపుకు ఆనించి పట్టుకొని, ఎడమ చేత్తో మూత తీసి కాఫీ పొడి వేసేది. మేడమ్ కూర్చొని చూసేది. అమ్మ గ్లాసు ఇస్తే రెండు చేతులతో అందుకునేది. తర్వాత అమ్మ మాట్లాడేది, ఆమె వినేది.

ఇది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. నేను ఉన్నప్పుడు ఆమె వస్తే చెప్పులేసుకొని తమ్ముడి ఆటోలో కూర్చునేదాన్ని. ఒక్కసారి మాత్రం వాన పట్టుకొని ఇంట్లోనే ఉండిపోయాను. మాటల మధ్యలో అమ్మ ఉన్నట్టుండి కుడి చెయ్యి చాపి మేడమ్ ఒళ్ళో పెట్టింది. ‘చూడండి మేడమ్. ఈ రెండు వేళ్ళూ ఇంగ కలవవంట’ అనింది. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. మేడమ్ ఆ చేతిని నిమిరింది. చాలాసేపు నిమిరింది. ‘దేవుడు నీకు చానా ఓపిక ఇచ్చినాడమ్మా’ అనింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకొని, ‘ఇంగొంచెం కాఫీ పోసేదా?’ అనింది.

ఆమె వెళ్ళిపోయాక అమ్మతో కొట్లాడాను. ‘సిగ్గు లేదా నీకు? నీ నోటి కాడ కూడు తీసిన మనిషికి కాఫీలా?’ అన్నాను.  అమ్మ గ్లాసులు కడుక్కుంది. మా అమ్మది వెర్రి మంచితనం అనుకున్నాను. ఆ మంచితనమే మా కొంప ముంచింది అనుకున్నాను.

మేడమ్‌కు ఉత్తమ నర్సు అని శాలువా కప్పారు. రిటైరయ్యే రోజు పెనుకొండలో ఫ్లెక్సీలు కట్టారు. తర్వాత కూడా ఆమెను కాలేజీలకు పిలిచి వినడం గురించి చెప్పించుకున్నారు. ఆమె చెప్పే ఉదాహరణల్లో గొర్రెల కాపరి ఉండేవాడని విన్నాను. మా అమ్మ ఉండేది కాదు.

ఆ వాట్సాప్ వచ్చిన మర్నాడు పెనుకొండకు, శవాన్ని చూడ్డానికి పోయాను. ఎందుకు పోయానంటే, చనిపోయాక కూడా ఆ ముఖం వింటున్నట్టే ఉంటుందా అని చూడాలనిపించింది. లేదు. మామూలు ముసలామె ముఖం, ఫ్రీజరు పెట్టె అద్దం లోపల. షామియానా కింద కుర్చీలు నిండిపోయాయి. ఒకామె మైకు పట్టుకొని ‘మా కష్టం చెప్పుకోడానికి ఇంక ఎవరున్నారు’ అని ఏడ్చింది. ఆమె ఏడుపు నిజమైన ఏడుపే. మా బ్యాచ్ వాళ్ళు నన్ను మోచేత్తో పొడిచి, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు, నీ మీద మేడమ్‌కు ప్రత్యేకమైన అభిమానం కదా అన్నారు. ఆమె కొడుకు కూడా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు. ‘మా అమ్మ చివరి రోజుల్లో మీ ఇంటిని చాలా తలుచుకునేదక్కా’ అన్నాడు.

‘ఏమని?’ అన్నాను.

‘ఊరికే. ధర్మవరం ఎప్పుడు పోదాం, ధర్మవరం ఎప్పుడు పోదాం అని.’

అంతకంటే ఏమీ చెప్పలేదా అని అడగబోయి మానుకున్నాను. మైకు దగ్గరికి పోలేదు. స్టేషనుకు పోయి ధర్మవరం బండి ఎక్కాను.

అమ్మ ఇంటి ముందు గట్టు మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎడమ చేతిది ఇప్పుడు మంచి వాటం. పక్కన కూర్చున్నాను.

‘పెనుకొండ మేడమ్ పోయింది మా.’

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ‘ఎప్పుడు?’

‘నిన్న తెల్లవారుజామున. నేను ఆడి నుంచే వస్తాండా.’

 ‘ఏమన్నా చెప్పిందంటనా?’ అనింది అమ్మ.

‘ఎవరికి?’

‘ఎవురికైనా. కొడుకుకో, నీకో.’

‘నాకేం చెప్తుంది మా? ఏం చెప్పాలి?’

‘నా చేతి సంగతి.’

 ఇన్నేళ్ళలో మా అమ్మ నాతో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. ‘నీకు ఆయమ్మ మీద కోపమే లేదనుకుంటిని కదమ్మా’ అన్నాను.

‘కోపం లేకుండా ఎట్లుంటాది? పనిచేసే చెయ్యి పాయె.’

‘మరి వచ్చినప్పుడల్లా చాప ఏసి, కాఫీ ఇచ్చి, కతలు చెప్తివే!’

‘ఆయమ్మ ఎందుకొస్తాండెనో నీకు తెలీదా? చీరలు యాడా దొరకవా? చెప్పేకే వస్తాండె పాపా. నోటి దాకా వచ్చేది. నేను ముఖం చూస్తానే ఉంటి కదా. గొంతులో ఆడేది, మళ్ళా మింగేసేది. నేను తిడితే ఇంగ రాకుండా పోతాది. అందుకే ఏదో ఒకటి మాట్లాడతా కూచుంటి. ఈసారి చెప్తాది, ఈసారి చెప్తాదని. ఒకసారి తట్టుకోలేక చెయ్యి కూడా ఒళ్ళో పెడితి. అప్పుడన్నా చెప్తాదేమోనని.’

ఆ వాన రోజు నేను తలుపు దగ్గరే ఉన్నాను. చూసిందంతా చూశాను, ఇది మాత్రం నాకు తెలియలేదు.

‘దుడ్లు అడిగితినా నేను? తప్పైపోయిందమ్మా, నేను చూడల్యా, అంటే అయిపాయె. ఆ ఒక్క మాట ఇనేకి ఇన్నేండ్లు కూచుంటి’ అనింది అమ్మ. గొంతు పెంచలేదు. చేతిలో కాయను తుంచి చేటలో వేసింది. ఇంకొకటి తీసుకుంది. అది తుంచకుండా నా వైపు తిరిగింది.

‘ఇంగ నాకు ఆ మాట ఎవురు చెప్తారు పాపా?’

‘ఎవరూ చెప్పరు మా’ అన్నాను.